కథకు చెప్పిన ఊ

మా చర్చి సంఘంలో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "ఆ లంబాడీ పెద్దావిడ చివరికి మారిందా ధరణీ?" అని. "మారింది నేనండీ" అంటే సరదాకి అన్నాననుకుని నవ్వేస్తారు. నవ్వనివ్వండి. రెండు వేల ఇరవై మూడు వేసవిలో బ్రాంప్టన్‌లో ఆ గరాజ్ ముందు కూర్చోనివాళ్ళకు నేనెంత చెప్పినా ఎక్కదు.

అప్పటికి నేను కెనడా వచ్చి ఏడాది నిండలేదు. సప్లై చైన్‌లో డిప్లొమా. కాలేజీకి సెలవులు కాబట్టి వేర్‌హౌస్‌లో షిఫ్టులు. మాది బాపట్ల దగ్గర పల్లె, మా నాన్న పాస్టరు. ఊహ తెలిసినప్పటి నుంచి బైబిల్ కంఠత వాక్యాల పోటీలో మొదటి బహుమతి నాదే. మా వంటింట్లో ఉన్న స్టీలు గిన్నెల్లో సగం నేను గెలిచినవే. ఊపిరి తీసుకోకుండా అధ్యాయాలకు అధ్యాయాలు అప్పజెప్పేదాన్ని. నోటికి వచ్చిందంటే ఎదుటివాళ్ళకు అందిపోయినట్టేనని నా నమ్మకం.

ఆ ఏడు వచ్చిపడ్డ స్టూడెంట్లకు ఊళ్ళో బేస్‌మెంట్లు చాలడం లేదు. నాకు జయదేవ్ నాయక్ గారి ఇంటి కింద, ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఒక గది దొరికింది. జయదేవ్ గారిది మహబూబాబాద్ వైపు తండా. ఐటీలో పని, సగం రోజులు ఇంటి నుంచే. ఆ వేసవికి వాళ్ళమ్మ కేస్లి ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. చేతినిండా గాజులు, అద్దాల రవిక, కింద ఘాగ్రా, దాని కింద కొడుకు కొనిచ్చిన ఉన్ని సాక్సులు. పెరట్లో కూర్చుంటే మనుషులు కనబడరని గరాజ్ షట్టర్ ఎత్తించి, కారు బయట పెట్టించి, రోడ్డువైపు తిరిగి కుర్చీ వేసుకుని కూర్చునేది.

నేను మొదట "మామ్మగారూ" అని పిలిచాను.

"మామ్మ ఏంది? మా భాషల అమ్మను యాడి అంటరు. నా కొడుకు అట్లనే పిలుస్తడు, నువ్వు గూడ గట్లనే అను," అంది.

యాడి అక్షరం ముక్క చదువుకోలేదు. వాళ్ళ భాషకు అసలు లిపే లేదు. ఈ మాట మా సంఘ పెద్ద విశ్వనాథం గారికి చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఆయనది భీమవరం, మంచి మనిషి, తొందర కాస్త ఎక్కువ. ఆ వేసవిలోనే ఆయన కథల పరిచర్య మొదలుపెట్టారు. చదువు రాని వాళ్ళకు పుస్తకాలు పంచితే ఏం లాభం, యేసయ్య కూడా కథలే చెప్పాడు కదా, మనమూ చెబుదాం అని జూమ్‌లో మా అందరికీ శిక్షణ ఇచ్చారు. కథ చెప్పాలి, చివర మూడు ప్రశ్నలు అడగాలి, రికార్డు చేసి ఆయనకు పంపాలి.

"దేవుడు నీ నెత్తి మీదే పెట్టాడు తల్లీ ఆవిణ్ణి. మొదలుపెట్టెయ్," అన్నారు.

నెత్తి మీదే, నిజమే, నేనుండేది బేస్‌మెంట్లో. జయదేవ్ గారిని అడిగితే లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా, "కథలా? చెప్పు చెప్పు, అమ్మకు టైంపాస్ అయితది," అన్నారు.

మొదటిరోజు గరాజ్‌లో ఒక మడత కుర్చీ వేసుకుని గొంతు సవరించుకున్నాను. "యాడీ, ఇది పదో అధ్యాయం, ముప్పయ్యో వచనం దగ్గర్నుంచి..."

"నంబర్లు ఎందుకే? ఎవలికన్న ఫోన్ చేస్తున్నమా?"

నంబర్లు వదిలేసి, దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషి కథ గడగడా చెప్పేశాను. పెద్దవాళ్ళు ఇద్దరు చూసి పక్కనుంచి పోవడం, పరాయి జాతివాడు ఆగి కట్లు కట్టడం, అంతా. యాడి కళ్ళార్పకుండా చూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందండీ."

"నేను ఊ అననే లేదు. ఎట్ల అయిపోతది?"

అప్పుడు చెప్పింది తన పద్ధతి. ఒక మాట చెప్పి ఆగాలి. వినేవాళ్ళు ఊ అనాలి. ఊ వచ్చాకే తర్వాతి మాట. ఊ రాకపోతే విననట్టు. విననోళ్ళకు చెప్పుడంటే కథను అవమానం చేసుడేనట. చిన్నప్పుడు మా అమ్మమ్మ కూడా ఊ కొట్టమనేది, గుర్తొచ్చింది. మా నాన్న ప్రసంగాలకు మైకు వచ్చాక మా ఇంట్లో ఊ పోయింది.

మళ్ళీ మొదలుపెట్టించింది. ఈసారి ప్రతి మాటకూ ఊ, ఊకూ ఊకూ మధ్య ఒక ప్రశ్న. దొంగలు ఎక్కడ దాక్కున్నారు? బండల చాటునా, చెట్ల నడుమనా? గాయం మీద ఈగలు వాలవా? వాళ్ళ తాతల కాలంలో ఎడ్ల మీద ఉప్పు వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళట. దొంగల దారి అంటే ఆవిడకు కళ్ళకు కట్టినట్టే ఉంది.

"తన జంతువు మీద ఎక్కించుకున్నడు అంటివి. ఎద్దా, గాడిదా?"

"గాడిదండీ."

"మరి ఆయన నడిసిండా?"

ఇన్నేళ్ళలో ఆ ఆలోచన నాకు రాలేదు. "నడిచే ఉంటాడు యాడీ."

"ఊ..." అంది, చాలా పొడుగ్గా.

అలా ఒప్పందం కుదిరింది. నాదొక కథ, తనదొక కథ. తన వంతులో నేను ఊ కొట్టాలి. గుడ్డి ఎద్దు ఒకటి వాసన పట్టి నీళ్ళ దగ్గరికి గుంపునంతా తీసుకుపోయే కథ చెబుతుండగా నా ఫోన్ మోగింది, చూశాను. అంతే, ఠక్కున ఆపేసింది. ఎంత బతిమాలినా ఆ రోజుకి ఇక చెప్పలేదు. మనవరాలు ఇషితకు చెప్పబోతే ఆ పిల్ల "లేటర్, గ్రాండ్‌మా" అని సైకిలెక్కి పోయేది. కోడలు మీనాక్షి గారికి ఫార్మసీలో డ్యూటీలు. కొడుక్కి మీటింగులు. వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ కథలకు ఊ కొట్టినదాన్ని నేనొక్కదాన్నేనని అప్పుడే తెలిసింది. నా సంగతీ అంతే. వేర్‌హౌస్‌లో స్కానర్ చప్పుడు తప్ప రోజంతా ఇంకో గొంతు వినపడేది కాదు. షిఫ్టు అయ్యాక బస్సు దిగి ఆ వీధి మలుపు తిరగ్గానే షట్టర్ ఎత్తి ఉందా లేదా అని చూసుకునేదాన్ని. ఎత్తి ఉంటే ప్రాణం లేచొచ్చేది.

జూలైలో ఒక మధ్యాహ్నం బావి దగ్గర ఆడమనిషి కథ చెప్పాను. నడినెత్తిన ఎండలో ఒంటరిగా నీళ్ళకొచ్చిన ఆమెను యేసయ్య దాహం అడగడం, తను ఇచ్చే నీళ్ళు తాగితే మళ్ళీ దప్పిక వేయదని చెప్పడం. ఆ కథ యాడికి ప్రాణమైపోయింది. నీళ్ళు మోసిన మనిషి కదా. చివర విశ్వనాథం గారి మూడు ప్రశ్నలూ అడిగాను.

"ఆయన ఇస్తానన్న నీళ్ళు మీకు కావాలా?"

"ఊ."

"ఆయన్ని నమ్ముకుంటారా?"

"ఊ."

"ఆయన ఇంట్లో చేరతారా?"

"ఊ, చెప్పు."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ 'చెప్పు'ను నేను పట్టించుకోలేదు. రికార్డింగ్ పంపేశాను. గంటలో విశ్వనాథం గారి వాయిస్ మెసేజ్ వచ్చింది, సగం స్తోత్రాలు, సగం ఏడుపు.

ఆ శనివారం తప్పిపోయిన కొడుకు కథ మొదలుపెట్టాను. చిన్నవాడు తన వాటా పట్టుకుని దూరదేశం పోయాడు, ఉన్నదంతా ఊడ్చేసుకున్నాడు, కరువొచ్చింది, పందులు మేపే పనికి కుదిరాడు.

"పార్ట్ టైమా?" అంది యాడి. నన్ను వెక్కిరించడం అప్పటికే అలవాటైపోయింది.

"ఫుల్ టైమే. అయినా కడుపు నిండలేదు. పందుల పొట్టు తిందామన్నా ఎవరూ పెట్టలేదు."

"ఊ..." గొంతులో నవ్వు పోయింది.

"అప్పుడు బుద్ధొచ్చింది. లేచి మా నాన్న దగ్గరికి పోతాననుకున్నాడు. బయల్దేరాడు."

"ఊ!"

సరిగ్గా అప్పుడే ఇంటిముందు కారు ఆగింది. విశ్వనాథం గారు దిగారు. ఒక చేతిలో స్వీట్ల డబ్బా, ఇంకో చేతిలో కవరు. నవ్వుతూ వచ్చి, "వందనాలమ్మా, ఆగస్టులో లేక్ దగ్గర మన బాప్తిస్మాలున్నాయి. మీకోసమే తెచ్చాను," అంటూ కవరులోంచి తెల్లచీర తీసి యాడి ఒళ్ళో పెట్టారు.

యాడి ఆ తెల్లచీర చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో నా బిడ్డా! ఎవరు పోయిండ్రు?"

ఆ కేకకు జయదేవ్ గారు లోపలి తలుపు తీసుకుని వచ్చారు. విశ్వనాథం గారు పాపం, సంతోషంగానే అంతా చెప్పారు. అమ్మగారు ప్రభువును నమ్ముకున్నారని, రికార్డింగ్ కూడా ఉందని. జయదేవ్ గారి మొహంలో రంగు మారింది గాని గొంతు పెరగలేదు.

"యాడీ, నువ్వు వీళ్ళకు ఊ అన్నవా?"

"అన్న. కథ జెప్తుంటే ఊ అనకుంట ఎట్లుంట?"

"నమ్ముకుంటవా అంటే ఊ అన్నవట గద."

"నన్నెవరడిగిండ్రు? బాయికాడ ఉన్నామెను గద ఆయన అడిగింది!"

అప్పటికి గాని నాకు వెలగలేదు. కథ అయిపోయిందని నేను చెప్పలేదు. ఆ మూడు ప్రశ్నలూ ఆవిడకు కథలోవే. బావి గట్టు మీద కూర్చున్న ఆయన ఆ ఆడమనిషిని అడుగుతున్నాడు, తను మామూలుగా ఊ కొడుతోంది, తర్వాతేమైందో చెప్పమంటోంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అంకుల్, అది కథకు చెప్పిన ఊ అండీ," అన్నాను. "ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిణ్ణి నేను అసలు అడగనే లేదు."

విశ్వనాథం గారు కాసేపు నా వైపు, కాసేపు చీర వైపు చూశారు. "ఎంత స్పష్టంగా వినబడింది తల్లీ..." అన్నారు మెల్లగా. తర్వాత చీర మడిచి కవర్లో పెట్టుకుని, "నాదే తొందరపాటు జయదేవ్ గారూ. ముందు మిమ్మల్ని కలిసి ఉండాల్సింది, క్షమించండి," అన్నారు. ఆయన కారు వీధి మలుపు తిరిగింది. యాడి ఒడి దులుపుకుంది.

జయదేవ్ గారు నన్ను వాకిట్లోకి పిలిచారు. "నిన్నేమంటలేను ధరణీ. రూముకు ఢోకా లేదు. ఈ కథలు మాత్రం ఇగ వద్దు."

నేను తల ఊపాను. ఆయన అక్కడితో ఆగలేదు.

"నేను చదివింది ఓ మిషన్ హాస్టల్ల. చదువు వాళ్ళే చెప్పిండ్రు, కాదన. గని ఆదివారం వాక్యం తప్పులేకుండ అప్పజెప్పినోనికి ముందు వడ్డించేటోళ్ళు. నాకు తెలుగే సరిగ్గ రాకపోయేది, ఇంట్ల మాట్లాడేది మా భాషనాయె. ఎప్పుడు తిన్నా ఆఖరు బంతే. గిప్పుడు మా యాడిని గూడ లెక్క కడుతున్నరు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మా వంటింట్లోని స్టీలు గిన్నెలు కళ్ళ ముందు మెదిలాయి. "మీరు చెప్పమనేదాకా చెప్పనండీ," అని మాటిచ్చాను.

ఆ తర్వాత రోజులు చప్పగా గడిచాయి. బేస్‌మెంట్ మెట్లకు వెళ్ళాలంటే గరాజ్ ముందు నుంచే పోవాలి. యాడి ఎప్పటిలాగే కూర్చుని ఉండేది.

"ఇంటికి చేరిండా?" అని అడిగేది.

"మాటిచ్చాను యాడీ. చెప్పకూడదు."

"నీ మాట సల్లగుండ! వాడు పందులకాడికెళ్ళి బయల్దేరి వారమాయె. ఏడున్నడిప్పుడు? తొవ్వలనే ఉన్నడా?"

తల వంచుకుని మెట్లు దిగిపోయేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. ఒకరోజు పొద్దున మీనాక్షి గారు వాకిట్లో ఆగి, "అత్తమ్మ సరిగ్గా తినడం లేదమ్మా. ఎవరో పిల్లవాడు ఆకలితో దారిలో ఉన్నాడట, తనకెట్ల దిగుతది అంటోంది. ఎవరా పిల్లవాడు?" అని నన్నే అడిగారు. ఆవిడ వెనకాలే కారు తాళం వేస్తున్న జయదేవ్ గారు ఆ మాట విన్నారు. తాళాలు జేబులో వేసుకుని లోపలికి నడిచారు.

బస్సులో కూర్చుని ఏడ్చేశాను ఆ పొద్దున. మూడు ప్రశ్నలు గాలికి పోనీ, రికార్డింగులు పోనీ. ఆ తండ్రి ఎంత దూరం నుంచి కొడుకును చూశాడో, ఆ వయసులో ఎలా పరిగెత్తాడో యాడికి తెలియాలి. నేను చెప్పకపోయినా సరే, ఎవరి నోటి నుంచైనా సరే. ఆ రోజుల్లో నా ప్రార్థనంతా అదే. నిజం చెప్పొద్దూ, చిన్నప్పటి నుంచి వందసార్లు అప్పజెప్పిన కథ, ఆ కుర్రాడు ఇల్లు చేరాలని నేను మనసారా కోరుకున్నది మాత్రం అప్పుడే.

ఆగస్టు మొదట్లో ఒక ఆదివారం సాయంత్రం చర్చి నుంచి వస్తున్నాను. ఎండ ఇంకా వాకిళ్ళ మీదే ఉంది. దూరం నుంచే షట్టర్ ఎత్తి ఉండడం చూశాను. దగ్గరికొచ్చేసరికి జయదేవ్ గారి గొంతు వినిపించింది. యాడి ఎదురుగా, నేను కూర్చునే కుర్చీలో కూర్చుని ఏదో చెబుతున్నారు. వాళ్ళ భాషలో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక మాట, ఆగడం, యాడి ఊ. మళ్ళీ ఒక మాట.

వాకిట్లోనే నిలబడిపోయాను. ఆయన అరచెయ్యి కళ్ళకు అడ్డంపెట్టి వీధి చివరికి చూశారు. చూసి, లేచారు. నిక్కరు మీదున్న మనిషి, ఉద్యోగం చేసే పెద్దమనిషి, రెండు చేతులూ చాచి డ్రైవ్‌వే మీద పరిగెత్తారు. నా పక్కనుంచే దూసుకుపోయి, ఎవరూ లేనిచోట ఎవరినో గట్టిగా కౌగిలించుకున్నారు. ఎదురింటి సర్దార్జీ అంకుల్ పచ్చికకు నీళ్ళు పెడుతూ పైపు పక్కకు తిప్పేసుకుని చూస్తున్నారు. యాడి చేతులు చరిచి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఓణీ చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఊ! ఊ!" అంది రెండుసార్లు.

ఆయన వెనక్కొచ్చి కూర్చుని మిగతాది చెప్పారు. తలపై నుంచి చెప్పుల దాకా చేతులతో చూపించారు, కొత్త బట్టలు. వేలికి ఉంగరం. డప్పులు. హాస్టల్లో తెలుగులో అప్పజెప్పలేక ఆఖరు బంతిలో కూర్చున్న కుర్రాడు, తన భాషలో ఎక్కడా తడబడలేదు. ఇన్నేళ్ళూ ఆ కథ ఆయన లోపలే ఉందని వాళ్ళమ్మకూ తెలియదు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, కాస్త అసూయ కూడా కలిగింది, ఎందుకు దాచాలి.

భాష తెలియకపోయినా, పెద్ద కొడుకు దగ్గరికొచ్చారని తెలిసింది. పొలం నుంచి వచ్చి, డప్పులు విని, తమ్ముడికి విందా అని అలిగి గుమ్మం బయటే నిలబడ్డవాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. అక్కడ ఆగారు జయదేవ్ గారు. యాడి ఊ అంది. ఆయన చెప్పలేదు. మళ్ళీ ఊ అంది. ఆయన తల గోక్కుని నావైపు తిరిగారు.

"ధరణీ, పెద్దోడు లోపలికొచ్చిండా లేదా? నాకు యాదికొస్తలేదు."

"లేదండీ. అంటే, అక్కడ రాయలేదు. తండ్రి బతిమాలడంతోనే అయిపోతుంది."

"గట్లెట్ల అయిపోతది?" యాడికి కోపమొచ్చింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "వాళ్ళకు అమ్మ లేదా?"

జయదేవ్ గారూ నేనూ మొహాలు చూసుకున్నాం. ఆ కథలో అమ్మ ఊసే లేదు. మా నాన్న ఎన్నిసార్లు ప్రసంగించినా ఎవరూ అడగలేదు.

"అమ్మ లేదు, అందుకే వాడు బయట నిలబడ్డడు," అంది యాడి తేల్చేస్తూ. "అయ్య అయితె బతిమాలుతడు. అమ్మ అయితె రెక్క పట్టుకొని గుంజుకొచ్చి కంచం ముంగట కూసోబెడుతుండె." తర్వాత వాకిట్లో ఉన్న నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేంది, గాడ్నే నిలబడ్డవు?"

జయదేవ్ గారి వైపు చూశాను. ఆయన గోడకు ఆనించి ఉన్న ఇంకో మడత కుర్చీ తీసి, తెరిచి, వాళ్ళమ్మ పక్కన వేశారు. నేను వెళ్ళి కూర్చున్నాను.